బంటు ఇచ్చి కాలాన్ని కొన్న ఆట

చదరంగంలో నల్లపావులతో ఆడేవాడు మొదటి నుంచీ ఒక ఎత్తు వెనకబడే ఉంటాడు. తెలుపు ముందు కదులుతుంది కాబట్టి చొరవ దానిదే. ఇప్పటిదాకా నమోదైన లక్షల పోటీ ఆటల్ని కలిపి లెక్కేస్తే తెలుపుకు దక్కే పాయింట్లు సుమారు 54, 55 శాతం. తేడా చిన్నదే. కానీ తరాలు మారినా చెరిగిపోలేదు. మరి అప్పటికే ఒక ఎత్తు తక్కువున్నవాడు రెండో ఎత్తుకే ఒక బంటును కూడా వదిలేసుకుంటే ఏమనుకోవాలి? అప్పుల్లో ఉన్నవాడు దానానికి దిగినట్టు కనిపిస్తుంది. అయినా సరిగ్గా ఆ పనే చేసి, ఆ కాలపు మహామహుల్లో ఒకరిని 24 ఎత్తుల్లో ఓడించిన ఆట ఒకటుంది. 1918 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జరిగింది. తెల్లపావులు అకీబా రూబిన్‌స్టైన్‌వి. నల్లపావులు మిలాన్ విద్మార్‌వి.

రూబిన్‌స్టైన్ పోలండ్ ఆటగాడు. 1912 ఒక్క ఏడాదిలోనే ఐదు పోటీల్లో మొదటి స్థానం అందుకున్నాడు. ప్రపంచ చాంపియన్ ఎమాన్యుయేల్ లాస్కర్‌తో టైటిల్ కోసం తలపడాల్సినవాడు. 1914లో యుద్ధం రావడంతో ఆ పోటీ జరగనే లేదు. హడావుడి లేకుండా, చిన్న ఆధిక్యాన్ని చివరిదాకా మోసుకెళ్లి గెలవడం అతని పద్ధతి. అలాంటివాడి చేతికి ఒక బంటు అదనంగా చిక్కితే ఆట అయిపోయినట్టేనని అప్పట్లో ఎవరైనా అనుకునేవారు.

విద్మార్ స్లొవేనియావాడు. వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. ట్రాన్స్‌ఫార్మర్ల మీద పుస్తకాలు రాశాడు, లూబ్లియానా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేశాడు. అక్కడి విద్యుత్ పరిశోధన సంస్థకు ఇవాళ్టికీ అతని పేరే ఉంది. చదరంగం అతనికి తీరిక వేళల వ్యాపకం. ఆ తీరికలోనే ప్రపంచ స్థాయి ఆటగాడయ్యాడు. బెర్లిన్‌లో నలుగురే ఆడిన ఆ చిన్న పోటీకి ముందు, మంత్రి బంటుతో మొదలుపెట్టేవాళ్లకు నలుపు తరఫున ఏం జవాబివ్వాలని హంగేరీ మిత్రుడు ఇస్త్వాన్ అబోనిని సలహా అడిగాడు. అబోని చూపించినదే బుడాపెస్ట్ గాంబిట్.

ఇది అప్పటికి పూర్తిగా కొత్తది కాదు. 1896లోనే బుడాపెస్ట్‌లో గెజా మరోజీ నల్లపావులతో దీన్ని ఆడినట్టు నమోదై ఉంది. తర్వాత సుమారు ఇరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1916 ప్రాంతంలో గ్యూలా బ్రేయర్, అబోని లాంటి బుడాపెస్ట్ ఆటగాళ్లు మళ్లీ పైకి తీసి సానపట్టారు. ఆ నగరం దాటి బయట దాని సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఆట లోపలికి వెళ్లేముందు పేర్ల సంగతి చెప్పుకుందాం. శిక్షణకు వెళ్లే పిల్లలు క్వీన్, రూక్, బిషప్ అంటున్నారు గానీ, మన ఇళ్లలో వినిపించే పేర్లే ఇక్కడ వాడుతున్నాను. మూలల్లో ఉండి నిలువుగా, అడ్డంగా వెళ్లేది ఏనుగు. ఏటవాలుగా వెళ్లేది శకటు. దూకేది గుర్రం. అన్ని వైపులా పారేది మంత్రి. గళ్లకు నిలువు వరుసలు ఎ నుంచి హెచ్ వరకు, అడ్డ వరుసలు తెలుపు వైపు నుంచి 1 మొదలు 8 వరకు. తెల్లరాజు ఇ1లో, నల్లరాజు ఇ8లో మొదలవుతారు. పక్కన బల్ల పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

రూబిన్‌స్టైన్ బంటును డి4కి తోశాడు. విద్మార్ గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చాడు. తెలుపు మరో బంటును సి4లో పెట్టింది. ఇక్కడ నలుపు మామూలుగా ఒక బంటును ఒక్క గడి జరిపి నిదానంగా కూడదీసుకుంటుంది. విద్మార్ మాత్రం రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోసి ఇ5లో నిలిపాడు. డి4 బంటు నోటికి అందే చోటది. తెలుపు తినేసింది. తిన్న బంటు ఎఫ్6 గుర్రం మీదికే వచ్చింది కాబట్టి గుర్రం జి4కి దూకి, ఆ ఇ5 బంటు మీదే గురిపెట్టింది.

ఇప్పుడు తెలుపు ముందు రెండు దారులున్నాయి. బంటును వదిలేసి తన పావుల్ని బయటికి తెచ్చుకోవడం ఒకటి. బంటును కాపాడుకోవడం రెండోది. రూబిన్‌స్టైన్ రెండోదే ఎంచుకున్నాడు. శకటును ఎఫ్4కి తెచ్చి ఇ5 బంటుకు కాపు పెట్టాడు. నలుపు రెండో గుర్రం సి6కి వచ్చి అదే బంటు మీద పడింది. తెలుపు గుర్రం ఎఫ్3కి వచ్చి మళ్లీ కాపు. నలుపు శకటు బి4 నుంచి రాజుకు చెక్ చెప్పింది, గుర్రం సి3లో అడ్డుపడింది. నలుపు మంత్రి ఇ7కి వచ్చి మూడోసారి ఆ బంటు మీద గురిపెడితే, తెలుపు మంత్రి డి5కి వెళ్లి మూడోసారి కాపు కాసింది. మొత్తం బల్ల మీద పోరు ఒక్క బంటు చుట్టూ తిరగడం గమనించండి. అది తెలుపు సొత్తే, కానీ దాని కాపలాకు తెలుపు మంత్రి సహా మూడు పావులు కట్టుబడిపోయాయి.

గాంబిట్ పనిచేసే తీరు ఇదే. బంటును ఊరికే ఇవ్వడం కాదు, బంటు ఇచ్చి బదులుగా ఎత్తులు పుచ్చుకోవడం. చదరంగంలో ఒక ఎత్తు కాలాన్ని టెంపో అంటారు. అవతలివాడు తిన్న బంటును జీర్ణించుకోవడానికో, కాపాడుకోవడానికో వాడే ప్రతి ఎత్తూ ఇవతలివాడికి మిగులు. మూడు టెంపోలు ఒక బంటుకు సమానం అని పాత పుస్తకాల్లో ఒక మోటు లెక్క ఉండేది. మోటుదే అయినా అందులో గట్టి ఆలోచన ఉంది. బలాన్నీ కాలాన్నీ ఒకే కొలతలోకి మార్చుకోవచ్చని, ఒకటిచ్చి ఒకటి కొనుక్కోవచ్చని అది చెబుతుంది.

ఈ మారకాన్ని అంకెల్లో స్పష్టంగా రాసి పెట్టినవాడు చదరంగపు మేటి కాదు, క్లాడ్ షానన్. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన ఆ బెల్ ల్యాబ్స్ గణితవేత్త, కంప్యూటర్ చేత చదరంగం ఎలా ఆడించాలో వివరిస్తూ రాసిన వ్యాసం 1950లో అచ్చయింది. బల్ల మీది స్థితిని చూసి ఎవరు ముందున్నారో చెప్పే ఒక సూత్రం అందులో ఇచ్చాడు. మంత్రికి 9, ఏనుగుకు 5, శకటుకూ గుర్రానికీ 3 చొప్పున, బంటుకు 1. ఒకే నిలువు వరుసలో రెండు బంట్లు ఇరుక్కున్నా, ఒక బంటు తోడులేక ఒంటరిగా మిగిలినా, వెనకబడినా అర పాయింటు కోత. ఇక అసలైన మాట: ఆడటానికి వీలున్న ప్రతి కదలికకూ 0.1 కలపాలి. అంటే ప్రత్యర్థి కంటే పది కదలికలు ఎక్కువ చేతిలో ఉంటే ఒక బంటు ఎక్కువున్నట్టే. గాంబిట్ ఆడేవాళ్లు ఒంటితో ఎరిగిన సత్యాన్ని షానన్ ఒక దశాంశ స్థానంలో పెట్టాడు.

మళ్లీ బెర్లిన్‌కు వద్దాం. ఏడో ఎత్తుకు విద్మార్ శకటుతో సి3 గుర్రాన్ని తిన్నాడు, ఎనిమిదో ఎత్తుకు తెలుపు బి2 బంటు ఆ శకటును తింది. నలుపు మంత్రి బల్ల అంచున ఎ3కి దిగి సి3 బంటు మీద కన్నేసింది. తెలుపు ఏనుగు సి1కి వచ్చి కాపు కాసింది. అప్పుడు విద్మార్ ఎఫ్ బంటును ఒక గడి జరిపి, ఇ5లో ఉన్న ఆ తగాదా బంటుకు ఇంకో ఎర చూపించాడు. తెలుపు తింది, నలుపు గుర్రం ఎఫ్6లో దాన్ని తిరిగి తిని తెలుపు మంత్రిని తరిమింది. మంత్రి డి2కి వెనక్కి వచ్చింది. నలుపు డి బంటును డి6కి జరిపింది. పదకొండు ఎత్తులయ్యాయి. తెలుపుకు ఇప్పటికీ ఒక బంటు ఎక్కువే. కానీ రాజు ఇ1లోనే ఉన్నాడు, పక్కనున్న ఎఫ్1 శకటూ హెచ్1 ఏనుగూ పుట్టిన గళ్లు విడవలేదు. నలుపు మరో ఎత్తులో రాజును ఏనుగు చాటుకు చేర్చి క్యాసిలింగ్ చేసుకోబోతోంది. అది కాగానే దాని ఏనుగుకు ఎఫ్ వరుస మొత్తం తెరుచుకుంటుంది.

పన్నెండో ఎత్తుకు రూబిన్‌స్టైన్ ఎఫ్3లో ఉన్న గుర్రాన్ని మళ్లీ కదిపి డి4కి తెచ్చాడు. ఈ ఆట మలుపు అక్కడే ఉందని నా అభిప్రాయం. అప్పటికే బయటికొచ్చిన పావును రెండోసారి కదపడమంటే, కాలం తక్కువున్నవాడు ఉన్న కాలాన్ని కూడా ఖర్చుచేయడమే. విద్మార్ క్యాసిలింగ్ చేశాడు. తెలుపు ఇ3 ఆడింది. నలుపు సి6 గుర్రం డి4 గుర్రాన్ని తినేసింది. దాన్ని తిరిగి తినక తప్పదు, కానీ దేనితో? మంత్రితో తింటే సి1 ఏనుగుకు కాపు పోతుంది, ఎ3 మంత్రి దాన్ని తినేస్తుంది. ఇ బంటుతో తింటే రాజు ఎదురుగా ఇ వరుస తెరుచుకుంటుంది. రూబిన్‌స్టైన్ సి3 బంటుతో తిన్నాడు. మధ్యలో బంట్లు చూడచక్కగా కుదిరాయి. కానీ ఆ సి3 బంటు పక్కకు తప్పుకోవడంతో ఎ5 నుంచి ఇ1 వరకు ఒక ఏటవాలు దారి తెరుచుకుంది, డి2 మంత్రి ఒక్కటే అడ్డు. ఆ దారి చివర ఉన్నది తెల్లరాజు.

విద్మార్ గుర్రం ఇ4కి దూకి డి2 మంత్రి మీద పడింది. ఆ మంత్రి ఊరికే పారిపోలేదు, సి1 ఏనుగుకు కాపు కూడా కాయాలి. అందుకే సి2కి జరిగింది, పైగా అక్కడి నుంచి ఇ4 గుర్రాన్ని బెదిరించింది. అప్పుడు నలుపు మంత్రి ఎ5కి వచ్చి, కొత్తగా తెరుచుకున్న ఆ దారిలో చెక్ చెప్పింది. తెలుపు మంత్రి అడ్డొస్తే గుర్రానికి ఆహారమవుతుంది. రాజే కదలాలి. ఇ2కి వచ్చాడు.

పదహారో ఎత్తు ఈ ఆటకు కిరీటం. విద్మార్ ఏనుగుతో ఎఫ్4 శకటును తినేశాడు. 5 విలువైన పావును 3 విలువైన పావు కోసం ఇచ్చేశాడు. ఇందులో ఒకేసారి మూడు పనులు జరిగాయి. ఎఫ్4కి వచ్చిన ఏనుగు పక్కనే ఉన్న ఇ4 గుర్రానికి కాపు అయింది కాబట్టి, తెలుపు మంత్రి గుర్రాన్ని తింటే మంత్రే పోతుంది. తెలుపు రక్షణలో పనికొచ్చే ఒకే ఒక్క శకటు బల్ల మీద లేకుండా పోయింది. ఏనుగును తినడానికి ఇ3 బంటు ఎఫ్4కి వెళ్లాల్సి వచ్చింది, దాంతో రాజు ముందు ఇ వరుస బట్టబయలైంది. వెంటనే నలుపు రెండో శకటు సి8 నుంచి ఎఫ్5కి వచ్చి గుర్రం వెనక నిలబడింది. గుర్రం పక్కకు దూకి చెక్ చెప్పిందంటే వెనకున్న శకటు చూపు సూటిగా సి2 మంత్రి మీద పడుతుంది.

ఈ క్షణంలో ఆటను ఆపి షానన్ సూత్రాన్ని వేసి చూద్దాం. రాజుల్ని పక్కనపెడితే తెలుపు దగ్గర మంత్రి, రెండు ఏనుగులు, ఒక శకటు, ఏడు బంట్లు ఉన్నాయి. మొత్తం 29. నలుపు దగ్గర మంత్రి, ఒక ఏనుగు, శకటు, గుర్రం, ఆరు బంట్లు. మొత్తం 26. తెలుపు 3 ముందుంది. ఇప్పుడు కదలికలు లెక్కపెట్టండి. తెలుపుకు బల్ల మొత్తం మీద 27 కదలికలున్నాయి. అందులో ఎఫ్1 శకటు వాటా సున్నా, హెచ్1 ఏనుగు వాటా ఒకటే. నలుపుకు 44. ఒక్క మంత్రికే 13. తేడా 17, అంటే 1.7 పాయింట్లు. తెలుపు ఆధిక్యం 1.3కి పడిపోయింది. ఎఫ్ వరుసలో ఇరుక్కున్న జంట బంట్లకు, ఎ2లో ఒంటరిగా మిగిలిన బంటుకు చెరో అర కోస్తే మిగిలేది 0.3. ఒక బంటూ, ఏనుగుకూ శకటుకూ ఉన్న తేడా అంతా కలిపి మూడు పాయింట్లు ఇచ్చేసినవాడు, లెక్క ప్రకారం దాదాపు సమానంగా నిలబడ్డాడు.

నిజానికి సమానం కాదు, నలుపు చాలా ముందుంది. షానన్ కూడా తన సూత్రం స్థిమితంగా ఉన్న స్థితులకే పనికొస్తుందని, పావులు ఒకదాన్నొకటి తినేందుకు సిద్ధంగా ఉన్నప్పుడు ఇంకా కొన్ని ఎత్తులు ముందుకు ఆడి చూశాకే లెక్క వేయాలని రాశాడు. ఈ స్థితి ఏ మాత్రం స్థిమితంగా లేదు. ఇంకో ఏడు ఎత్తుల్లో ఆట ముగిసిపోయింది.

తెలుపు మంత్రి గుర్రం చాటు ముప్పు తప్పించుకుని బి2కి పోయింది. నలుపు చివరి ఏనుగు ఎ8 నుంచి ఇ8కి వచ్చి ఇ వరుసను పట్టుకుంది. ఇక గుర్రం ఎటు దూకినా వెనకున్న ఏనుగు రాజుకు చెక్ చెబుతుంది. రాజు ఎఫ్3కి పరిగెత్తాడు. గుర్రం డి2కి దూకి చెక్. మంత్రి దాన్ని తినలేదు, ఎ5 నుంచి నలుపు మంత్రి కాపు కాస్తోంది. రాజు జి3కి. గుర్రం మళ్లీ ఇ4కి వచ్చి చెక్. రాజు హెచ్4కి. మూడు ఎత్తుల్లో ఇ2 నుంచి బల్ల అంచుకు చేరాడు. నలుపు ఏనుగు ఇ6కి వచ్చింది, వచ్చే ఎత్తులో హెచ్6 నుంచి ఆటకట్టు. అప్పుడు, ఇరవై రెండో ఎత్తుకు, తెలుపు ఎఫ్1 శకటు ఆటలో మొదటిసారి కదిలి ఇ2కి వచ్చింది. హెచ్6 నుంచి చెక్ రాగానే హెచ్5లో అడ్డుపడింది. విద్మార్ ఏనుగు దాన్నీ తినేసి మళ్లీ చెక్ చెప్పింది. రాజు ఆ ఏనుగును తిన్నాడు. నలుపు రెండో ఏనుగు కూడా పోయింది. ఎఫ్5 శకటు జి6కి జరిగింది. అది జరగడంతో, ఎ5లో కూర్చున్న మంత్రికి అయిదో అడ్డ వరుస ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఖాళీ అయింది. శకటు ఒక చెక్, మంత్రి ఒక చెక్, రెండూ ఒకేసారి. రాజుకు వెళ్లడానికి మిగిలినవి జి4, హెచ్4 మాత్రమే. ఎక్కడికి వెళ్లినా మంత్రి హెచ్5కి వచ్చి ఆటకట్టు. రూబిన్‌స్టైన్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ క్షణంలో బల్ల మీది బలం తెలుపుకు 26, నలుపుకు 21. అయిదు పాయింట్లు ఎక్కువున్నవాడు ఓడాడు. హెచ్1 ఏనుగు ఆట మొత్తంలో ఒక్కసారీ కదల్లేదు. సి1 ఏనుగు ఒక్కసారి కదిలి కాపలా దగ్గరే ఆగిపోయింది. ఆటలో పాల్గొనని పావులకు 5, 10 అని విలువ వేసుకుంటే అది కాగితం మీది ఆస్తే.

రూబిన్‌స్టైన్ అంతటివాడు ఈ ముప్పును ముందే ఎందుకు పసిగట్టలేదు? మనస్తత్వ శాస్త్రం దీనికి కొంత జవాబిస్తుంది. డచ్ పరిశోధకుడు అడ్రియాన్ డి గ్రూట్ 1940లలో మేటి ఆటగాళ్ల ఆలోచనను వాళ్ల నోటితోనే చెప్పించి నమోదు చేశాడు. వాళ్లు మామూలు ఆటగాళ్ల కంటే ఎన్నో ఎత్తులు ముందుకు లెక్కించడం లేదని, మంచి ఎత్తే వాళ్ల కంటికి ముందుగా ఆనుతోందని తేలింది. 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఇంకో మెట్టు ఎక్కారు. నిజమైన ఆట నుంచి తీసిన స్థితిని అయిదు సెకన్లు చూపించి పావుల్ని మళ్లీ పేర్చమంటే, మాస్టర్ ఒకే చూపులో పదహారు పావుల వరకు సరిగ్గా పెట్టాడు. కొత్తవాడు నాలుగు పెట్టాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే మాస్టర్ జ్ఞాపకం కొత్తవాడి స్థాయికే పడిపోయింది. అంటే మేటి ఆటగాడి బలం గొప్ప జ్ఞాపకశక్తిలో లేదు. ఏళ్ల తరబడి మనసులో పేరుకున్న ఆకృతుల్లో ఉంది.

కొత్త గాంబిట్ దెబ్బ సరిగ్గా ఆ ఆకృతుల మీదే పడుతుంది. ఇవాళ పదేళ్ల పిల్లవాడికి కూడా బుడాపెస్ట్ గాంబిట్ పేరు తెలిసి ఉండొచ్చు. 1918లో బెర్లిన్‌లో తెల్లపావుల వెనక కూర్చున్నవాడికి ఆ స్థితులు ఎక్కడా చూసినవి కావు. విద్మార్‌కు అబోని ముందే చూపించిన దారులన్నీ రూబిన్‌స్టైన్ గడియారం నడుస్తుండగా బల్ల దగ్గరే కనుక్కోవాల్సి వచ్చింది. గాంబిట్ కొనే కాలంలో ఇది రెండో రకం. మొదటిది బల్ల మీది ఎత్తుల్లో కనిపిస్తుంది, రెండోది ఎదుటివాడి ఆలోచన ఖర్చులో. ఆ పోటీలో ఆడిన మిగతా ఇద్దరు, మీసెస్, ష్లెక్టర్ కూడా రూబిన్‌స్టైన్ మీద ఇదే గాంబిట్ ప్రయోగించారు. మీసెస్ చేతిలో అతను ఓడాడు, ష్లెక్టర్‌తో డ్రా అయింది. విద్మార్ ఆ పోటీనే గెలిచాడు.

ఇంతదాకా చదివి, బుడాపెస్ట్ గాంబిట్ గొప్పదని రుజువైపోయింది అనుకుంటే పొరపాటు. అదే 1918లో, అక్టోబర్ 23న, న్యూయార్క్‌లో ఇంకో నలుపు గాంబిట్ బల్లెక్కింది. ఫ్రాంక్ మార్షల్ రూయ్ లోపెజ్ ఆరంభంలో ఎనిమిదో ఎత్తుకు డి5 ఆడి, హోసే రౌల్ కపబ్లాంకాకు ఒక బంటు ఇచ్చి, రాజు మీద దాడికి దిగాడు. కపబ్లాంకా బంటు తీసుకున్నాడు, దాడినంతా కాచుకున్నాడు, 36 ఎత్తుల్లో గెలిచాడు.

ఒకే ఏడాది, నల్లపావులతో రెండు గాంబిట్లు. ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది. తర్వాతి నూరేళ్లలో వాటి జాతకాలు తారుమారయ్యాయి. ఓడిన మార్షల్ దాడి ఇవాళ నలుపు చేతిలో ఉన్న అత్యంత నమ్మకమైన ఆయుధాల్లో ఒకటి. 1965లో, ప్రపంచ టైటిల్ సవాలుదారును తేల్చేందుకు తల్‌తో జరిగిన క్యాండిడేట్స్ ఫైనల్‌లో స్పాస్కీ దాన్నే కవచంగా వాడుకున్నాడు. కాస్పరోవ్ లాంటివాడు కూడా ఎనిమిదో ఎత్తులోనే దారి మార్చి దాన్ని తప్పించుకున్నాడు. గెలిచిన బుడాపెస్ట్ మాత్రం పెద్ద పోటీల్లో అరుదైపోయింది. 1992లో లినారెస్‌లో నైజెల్ షార్ట్ ధైర్యంచేసి కార్పోవ్ మీద మొదటి ఆటలోనే ఆడాడు. కార్పోవ్ గుర్రాన్ని సి3కి కాకుండా డి2కి తెచ్చాడు, ఇ5 బంటును పట్టుకు వేలాడకుండా తిరిగి ఇచ్చేశాడు, నెమ్మదిగా గెలిచాడు.

కారణం బంటులో లేదు, కొన్న కాలం ఎన్నాళ్లు నిలుస్తుందనే దాంట్లో ఉంది. మార్షల్ దాడిలో నలుపు పావులు తెల్లరాజు వైపు తిరిగి నిలబడతాయి, తెలుపు మంత్రి వైపు పావులు చాలాసేపు నిద్రలోనే ఉంటాయి. తెలుపు బంటు తిరిగి ఇచ్చేద్దామన్నా అంత సులువు కాదు. బుడాపెస్ట్‌లో తెలుపు ఎప్పుడు కావాలంటే అప్పుడు బంటును వదిలేసి లెక్క సరిచేసుకోవచ్చు, అప్పుడు నలుపు గుర్రాలు దాని వెంట తిరిగిన ఎత్తులే నష్టమవుతాయి. పట్టుకున్నదాన్ని వదలడం ఎప్పుడో తెలిసినవాడికి గాంబిట్ భయం లేదు. రూబిన్‌స్టైన్ ఆ రోజు కాపాడుకోవడానికి ఎంచుకున్న శకటు ఎఫ్4 దారికి అతని పేరే మిగిలింది. దాన్ని సరిదిద్దుకుని తెలుపు ఇవాళ్టికీ ఆడుతోంది.

ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా స్టాక్‌ఫిష్ అనే చదరంగ ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది. అది ప్రతి స్థితికీ ఒక అంకె చెప్పేస్తుంది. బుడాపెస్ట్ ఇ5 ఆడగానే తెలుపు గ్రాఫ్ కాస్త లేస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది రెండు వైపులా తప్పులు చేయని ఆటకు వేసిన వెల. మనుషుల ఆటలో ఆ వెలకు ఇంకొకటి కూడా కలుస్తుంది, సరైన జవాబు కనుక్కోవడం ఎంత కష్టమన్నది. యంత్రాలు కూడా కాలం విలువను మనం అనుకున్నదానికంటే ఎక్కువగానే లెక్కిస్తున్నాయి. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాజీరో ప్రోగ్రాం వంద ఆటల్లో స్టాక్‌ఫిష్ మీద 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడలేదు. అందులో దాని గొప్ప ఆటలు చాలావాటిలో బంట్లు వదిలేసి, ఎదుటి పావుల్ని మూలకు నొక్కి ఊపిరాడకుండా చేసింది. మనుషుల ఆటలేవీ నేర్పకుండానే, తనతో తాను ఆడుకుంటూ అది ఆ తీరుకు చేరుకుంది. స్టాక్‌ఫిష్ కూడా 2020 నుంచి నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) పద్ధతిని తన అంచనాలో కలుపుకుంది.

చదరంగం నేర్చుకుంటున్న పిల్లలకు, వాళ్లకు నేర్పుతున్నవాళ్లకు ఒక విన్నపం. ఈ ఆటను తెర మీద కాకుండా బల్ల మీద పేర్చండి. పద్నాలుగో ఎత్తు దగ్గర, నలుపు గుర్రం ఇ4కి దూకిన చోట ఆపండి. ఇంజిన్ తెరవకుండా పావుగంట తెలుపు తరఫున కూర్చోండి. ఏ పావు ఎన్ని గళ్లకు పోగలదో వేళ్లతో లెక్కపెట్టండి. మీకు తోచిన ఎత్తు కాగితం మీద రాసుకున్న తర్వాతే మిగతా పది ఎత్తులూ ఆడి చూడండి.